మోసేవారికీ విశ్రాంతి కావాలి

చెప్పులు కుట్టి బతికిన విలియం కేరీ 1793లో భార్యాబిడ్డలతో ఇంగ్లాండు నుంచి బెంగాలుకు సువార్తికుడుగా వచ్చారు. మరుసటి ఏడు ఐదేళ్ల కొడుకు పీటర్ జిగట విరేచనాలతో చనిపోయాడు. ఇష్టం లేకుండానే ఓడ ఎక్కిన తల్లి డొరతీకి ఆ తర్వాత మతి చలించింది. 1807లో కన్నుమూసేదాకా ఆమె కోలుకోలేదు. కేరీ ఆమెను ఇంట్లోనే ఉంచుకున్నారు. పక్క గదిలో ఆమె కేకలు వినబడుతుండగానే బైబిలు అనువదించారు.

అయితే ఆ భారం ఆయనొక్కరే మోయలేదు. 1800లో సేరంపూర్‌ చేరాక మిషనరీ కుటుంబాలన్నీ ఒకే ఇంటివారిలా బతికాయి. తల్లి ఆలనకు నోచుకోని కేరీ పిల్లలను హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్ చేరదీశారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది ఆ సేరంపూర్‌లోనే.

వరంగల్‌లో ఇళ్ల దర్శనాలకు వెళ్లినప్పుడు, మంచానపడ్డ అత్తకో భర్తకో సేవచేస్తూ ఏళ్లుగా ఆరాధనకు రాలేని తల్లులను మేము చూస్తుంటాం. ప్రార్థించి లేచి వచ్చేస్తాం. అది చాలదు. ఆదివారం రెండు గంటలు ఆ మంచం పక్కన మనలో ఒకరు కూర్చుంటే ఆమె చర్చికి వస్తుంది, లేదా కంటినిండా నిద్రపోతుంది. ఎంజీఎం ఆస్పత్రిలో ఒక రాత్రి మనం తోడుంటే ఆమె ఇంటికెళ్లి పిల్లలతో అన్నం తింటుంది. ఒకరి భారం ఒకరు మోయాలని పౌలు గలతీయులకు రాసింది ఇందుకే కదా!