ఆగస్టులో మూడు రోజులు

జూలై 4 అల్లూరి సీతారామరాజు జయంతి, మే 7 వర్ధంతి. ఈ రెండు తేదీలూ మనందరికీ కంఠతా వచ్చు. నాకు మాత్రం వాటికంటే ఆగస్టు 22, 23, 24 పెద్ద రోజులు అనిపిస్తాయి. ఎందుకో చెబుతాను.

రాజు 1897లో పాండ్రంగిలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, చదువు ఎక్కువ సాగలేదు. ఊళ్ళు తిరిగి తిరిగి సన్యాసిలా మన్యానికి వచ్చాడు. అప్పటికి అడవి చట్టం పేరుతో పోడు కొట్టనివ్వడం లేదు. పైగా నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు పని! గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను ఆ పనికి తోలేవాడు, కూలి మాత్రం సరిగా ఇచ్చేవాడు కాదు. రాజు ఒక్కడే వచ్చి యుద్ధం చేశాడనుకుంటారు కొందరు. కానీ గాం గంటం దొర, మల్లు దొర లాంటి వాళ్ళ కడుపుమంట ముందునుంచీ ఉన్నదే. రాజు దానికి దారి చూపించాడు.

1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి, అక్కడ బందీగా ఉన్న వీరయ్య దొరను కూడా విడిపించారు. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు! కొండదారుల్లో అంతా కాలినడకే అని గుర్తుపెట్టుకోండి. నాకు బాగా నచ్చిందేమిటంటే, ఏమేం పట్టుకుపోయారో స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. దొంగ ఎవడైనా అలా చేస్తాడా?

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచిన మన దేశపు పోలీసులను వదిలేసి, వెనకాల వచ్చిన తెల్ల అధికారులు కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ఆ తర్వాత మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. ఊళ్ళ మీద పడ్డారు, తిండి దొరక్కుండా చేశారు. డిసెంబరులో పెదగడ్డపాలెం దగ్గర మనవాళ్ళు బాగా దెబ్బతిన్నారు.

1924 మే 7న మంప దగ్గర రాజు దొరికాడు. కోర్టూ లేదు, విచారణా లేదు. కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. గంటం దొర కూడా ఆ ఏడే పోరులో చనిపోయాడు. మల్లు దొర జైలు అనుభవించి బతికి, 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆగస్టు 23న తుపాకులు తీసుకున్న ఊరే అది.