అద్దె తుపాకులతో మొదలై.. ఫిరంగుల కార్ఖానా దాకా

హైదరాబాద్: ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వెళ్లే దారిలోని గన్‌ఫౌండ్రీ పేరు నగరవాసులకు సుపరిచితమే. అక్కడ ఒకప్పుడు నిజంగానే ఫిరంగులు పోతపోసేవారన్న సంగతి ఎరిగినవారు మాత్రం తక్కువ. ‘తోప్ కా సాంచా’గా పిలిచే ఆ కార్ఖానాకు మూలపురుషుడు ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్.

ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో 1755లో జన్మించిన రేమండ్ ఇరవయ్యేళ్ల ప్రాయంలో పుదుచ్చేరి చేరారు. మైసూరు సైన్యంలో కొంతకాలం ఉండి, తదుపరి ఫ్రెంచి సేనాధిపతి బుస్సీ వద్ద పనిచేశారు. 1785లో బుస్సీ మరణించాక నిజాం అలీఖాన్ కొలువులో కుదిరారు. అప్పుడు ఆయన వెంట ఉన్నది 300 మంది సిపాయిలే. వారికి సొంత తుపాకులైనా లేవు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్కటి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చుకున్నారు.

పరాయి ఆయుధాలతో సైన్యం నిలవదని గ్రహించిన రేమండ్ నగరంలోనే ఫిరంగులు, తుపాకుల తయారీకి పూనుకున్నారు. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాం ఓడినా రేమండ్ దళాలు గట్టిగా పోరాడాయి. అదే ఏడాది నిజాం కుమారుడు అలీజా చేసిన తిరుగుబాటును ఆయనే అణచివేశారు. కాలక్రమంలో ఆయన సైన్యం పద్నాలుగు వేలకు చేరింది. అదే ఇంగ్లిషు వారికి కంటగింపయింది.

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా కన్నుమూశారు. విషప్రయోగమన్న అనుమానం నేటికీ తీరలేదు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లిషు వారితో సంధి చేసుకున్నారు. అక్టోబరులో ఆయన సిపాయిల చేతుల్లోని తుపాకులన్నీ కిందపెట్టించారు. పన్నెండేళ్ల శ్రమ ఏడు నెలల్లో తుడిచిపెట్టుకుపోయింది.

ప్రజలు మాత్రం ఆయనను మరువలేదు. హిందువులు మూసారామ్ అని, ముస్లిములు మూసా రహీమ్ అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. అస్మాన్‌గఢ్ గుట్టపై ఆయన సమాధి వద్ద ఏటా వర్ధంతినాడు ధూపం వేసే ఆచారం చాలాకాలం సాగింది.

సమాధి చెంతనున్న స్తంభాల మండపం 2001లో వానలకు కూలిపోగా, తరువాత పూర్వ రూపంలోనే తిరిగి నిలబెట్టారు. గన్‌ఫౌండ్రీకి ఆ భాగ్యం సులువుగా దక్కలేదు. ఫిరంగులు పోసిన ఆ మందపాటి గోడలు ఏళ్లతరబడి పిచ్చిమొక్కలు మొలిచి, చుట్టూ లేచిన కట్టడాల చాటున నలిగిపోయాయి.