కాళింది వేషం వేసిన చిన్నది

శ్రీమతి పి. భానుమతిగారు 2005లో మద్రాసులోనే కన్నుమూశారు. ఆమె పేరు చెప్పగానే ఆ ధీమా, ఆ కంఠం మనకు జ్ఞాపకం వస్తాయి. కాని 1939లో ‘వరవిక్రయం’ విడుదలైననాటికి ఆమె పదమూడు పద్నాలుగేండ్ల పిల్ల.

ఒంగోలు దగ్గరి దొడ్డవరం ఆమె జన్మస్థలం. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. కూతురికి పాట ఆయనే నేర్పారు. సి. పుల్లయ్యగారు ఆమెకు కాళింది వేషం ఇస్తామన్నప్పుడు ఆయన వెనుకాడారు. ఆ రోజులలో కులస్త్రీని సినిమాకు పంపడమంటే మాటలా! పురుషపాత్రలెవరూ ఆమెను కౌగిలించుకొనరాదన్న షరతుమీదే ఒప్పుకున్నారు. చిత్రం తీసినది దూరాన కలకత్తాలో.

కథ కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకమే. కట్నం పోసి కొన్న వరుణ్ణి పెండ్లాడలేక కాళింది బావిలో పడి ప్రాణం విడుస్తుంది. ఇంటింటా కట్నాల బాధ ఎరిగిన తల్లులు ఆ పిల్లను తమ బిడ్డగానే చూచి ఉంటారు.

1943లో ‘కృష్ణప్రేమ’ నాటి పరిచయంతో రామకృష్ణారావుగారిని వివాహమాడి, ఇక సంసారమే చాలుననుకున్నారు. బి.ఎన్. రెడ్డిగారు వదలలేదు. 1945లో ‘స్వర్గసీమ’ వచ్చింది. వీధిలో ఆడిపాడే సుబ్బి నాటకాల సుజాతాదేవియై, పచ్చని సంసారంలో చిచ్చుపెట్టే వేషం అది! షరతు పెట్టిన తండ్రిగారి కూతురే దానిని రక్తికట్టించింది. ఆమె పాడిన పావురం పాట ఊరూరా మారుమ్రోగింది.