రహీం సాబు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని ఉపాధ్యాయుడై, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్లనున్న పాఠశాలలలో బాలురకు చదువు చెప్పెను. ఫుట్‌బాలు ఆటయన్న ఆయనకు ప్రాణము. కమర్ క్లబ్బు జట్టున ఆడి మంచి పేరు పొందెను.

ఆ కాలమున నల్లగొండ, మహబూబునగరము జిల్లాలతో కూడిన తెలంగాణమంతయు నిజాము ఏలుబడిలోని హైదరాబాదు రాష్ట్రమున నుండెను. 1943లో రహీం హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. పదవి వచ్చినను ఆయనలోని ఉపాధ్యాయుడు మారలేదు. మన బాలురు కుడికాలితో తన్నుటకే అలవాటుపడి ఎడమకాలిని మరచుచున్నారని గ్రహించి, వాడుక లేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పందెములు నడపెను. పొట్టివారికై వేరుగా పందెములు పెట్టెను. ఎత్తు లేనివారు బంతిని గాలిలోనికి లేపరు. నేలబారున ఒకరి కొకరు అందించుకొందురు. ఆయన కోరినదియు అదియే. విద్యార్థులు మొదటి నియమమును తమ ఆటస్థలమున పరీక్షించి చూచినచో అది యెంత కష్టమో తెలియును.

1950 నుండి హైదరాబాదు పోలీసు జట్టు ఆయన శిక్షణలో నడచెను. ఆ జట్టు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణ నొందిన భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము నందెను. మరుసటి యేడు హెల్సింకిలో పరాభవము కలిగెను. చలిదేశమున మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిరి. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున మన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి నాల్గవ స్థానము పొందెను. అంతకు పూర్వము ఆసియా దేశమేదియు అంతదూరము పోలేదు.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష 1962లో జకార్తాలో ఎదురయ్యెను. ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులను ఇండొనీషియా ప్రభుత్వము రానీయలేదు. అరబ్బు దేశములతోను చైనాతోను ఉన్న మైత్రి దానికి ముఖ్యమయ్యెను. ఆసియా క్రీడాసమాఖ్యలో పెద్దయగు భారతీయుడు జి. డి. సోంధీ ఇందుకు అభ్యంతరము తెలిపి, ఇట్టి పోటీలకు ఆసియా క్రీడలను పేరు తగదనెను. న్యాయము ఆయన పక్షముననే యుండెననవచ్చును. కాని ఆ మాటకు ఫలము అనుభవించినవారు మైదానములోని మన యువకులు. సెప్టెంబరు 3న జనసమూహము భారత రాయబార కార్యాలయముపై దాడి చేసెను. మరునాడే ఫుట్‌బాలు అంతిమ పోటీ!

ప్రత్యర్థి దక్షిణ కొరియా. మొదటి ఆటలో మనలను 2–0తో ఓడించిన జట్టదియే. వెనుక కాపుండు జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడియుండెను. రహీం అతనిని మానిపింపక, ముందు వరుసకు పంపెను. జ్వరము నుండి అప్పుడే తేరుకొన్న తంగరాజును గోలు కాపుగా నిలిపెను. అందరును దీనిని సాహసమనుకొనిరి. అంతకంటె గొప్ప విషయము వేరొకటి కలదు: క్యాన్సరు వ్యాధితో బాధపడుచున్న గురువే ఈ యోజనలన్నియు చేయుచుండెను.

దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనవారిని ఎగతాళి చేయుచు కేకలు వేసిరి. మన హాకీ జట్టును ఓడించిన పాకిస్తాను ఆటగాండ్రు మాత్రము మన పక్షమున ఉత్సాహపరచిరి. పి. కె. బెనర్జీ మొదటి గోలు కొట్టెను. వెంటనే రెండవ గోలు కొట్టినవాడు ఎవరు? తలకు కుట్లున్న జర్నయిల్ సింగే! చివరలో కొరియా ఒక గోలు చేసినను, భారతదేశము 2–1తో స్వర్ణపతకము గెలుచుకొనెను. సికింద్రాబాదు వాడైన తులసీదాసు బలరాముడును, హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖానును ఆ జట్టులోనివారే.

తిరిగి వచ్చిన పిమ్మట రహీం ఎక్కువ కాలము జీవింపలేదు. 1963 జూన్ 11వ తేదీన, ఏబదిమూడేండ్ల వయసున కన్నుమూసెను. ఆయన కుమారుడు హకీం 1960లో రోము ఒలింపిక్సునకు వెళ్లిన భారత జట్టులోనుండి, తరువాత రిఫరీగా పేరు గడించెను.