డిస్కుల గొడవ పక్కకి పెట్టిన గ్యారీ కిల్డాల్

పేరాలలో మా ఇంట్లో ఒక పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంది. విండోస్‌లో బుద్ధిగా పనిచేస్తుంది, లినక్స్‌లో పెడితే కాపీ సగంలో ఆగిపోతుంది. డ్రైవర్ పంపే కొన్ని కమాండ్లు దాని లోపలి చిప్‌కి ఎక్కవు. ఇలాంటి మొండిఘటాల కోసం లినక్స్ కెర్నెల్‌లో అన్‌యూజువల్ డెవ్స్ అని ఒక ఫైలే ఉంది. ఫలానా పరికరానికి ఫలానా కమాండ్ పంపొద్దని అందులో రాసి ఉంటుంది. ఈ తలనొప్పి ఎప్పుడు మొదలైందా అని వెతుకుతుంటే కిల్డాల్ దొరికాడు.

1942లో సియాటిల్‌లో పుట్టాడు. 1972లో పీహెచ్‌డీ. మాంటెరీలో నేవీ వాళ్ళ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఇంటెల్‌కి పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసి ఇచ్చాడు. చేతికి ఒక ఫ్లాపీ డ్రైవ్ దొరికింది గానీ, దాన్ని నడిపే కంట్రోలర్ లేదు. అది స్నేహితుడు జాన్ టొరోడ్ కట్టిచ్చాడు. 1974లో సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ నడిచింది.

అసలు కథ ఆ తర్వాతే. ఒక్కో కంపెనీ కంట్రోలర్ ఒక్కో రకం. కొత్త మెషిన్ వచ్చినప్పుడల్లా సిస్టమ్‌లో వేలు పెట్టాల్సిందే. విసుగొచ్చి హార్డ్‌వేర్‌ని తాకే భాగమంతా విడదీసి బయోస్ అని పేరు పెట్టాడు. డిస్క్ ఎంచుకో, ట్రాక్ పెట్టు, సెక్టార్ పెట్టు, చదువు, రాయి: ఇలాంటి చిన్న పనులు కొన్నే అందులో ఉంటాయి. కంపెనీవాళ్ళు ఆ ముక్క రాసుకుంటే చాలు, పైనున్న ఫైళ్ళ వ్యవహారం మారదు. మా పేరాల మగ్గాలవాళ్ళకైతే ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. డిజైన్ ఒకటే, ఏ మగ్గం తేడా ఆ మగ్గం మీద కూర్చున్నవాడే సర్దుకుంటాడు.

అంతా అతుకు లేకుండా కుదిరిందనుకోకండి. ఒక కంపెనీ మెషిన్లో రాసిన ఫ్లాపీని ఇంకో కంపెనీ మెషిన్ చాలాసార్లు చదవలేకపోయేది. కమాండ్ల తేడా దాచగలిగాడు గానీ, డిస్క్ ఫార్మాట్ల తేడా అలాగే మిగిలిపోయింది.

1980లో ఐబీఎం వాళ్ళు గడప దాకా వచ్చారు. ఆయన విమానంలో షికారుకెళ్ళి అవకాశం పోగొట్టుకున్నాడని చెప్పుకునేది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వెళ్ళింది కస్టమర్ పనిమీద. గోప్యతా ఒప్పందం మీద భార్య డొరొతీ సంతకం పెట్టకపోవడంతో మాటలు సాగలేదు. మైక్రోసాఫ్ట్ తెచ్చిన డాస్ సీపీ/ఎం పోలికల్లోనే ఉంది. మన సీ డ్రైవ్ అక్షరం కూడా ఆ దారిలో వచ్చిందే. ఐబీఎం పీసీ మీద డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 ధర 240. ఇక ఎవరు కొంటారు?

1991లో కంపెనీని నోవెల్‌కి అమ్మేశాడు. 1994 జులైలో మాంటెరీలోని ఒక బార్‌లో తలకి దెబ్బ తగిలి, మూడు రోజులకి చనిపోయాడు. వయసు 52.