త్రాగుబోతులకు తలుపు తెరచిన సోదరి ఇగ్నేషియా

ఈ శతాబ్ది ఉత్సవ సమయమున రోగులకు పరిచర్య చేసిన అనేకులను మనము జ్ఞాపకము చేసికొనుచున్నాము. వారిలో సోదరి ఇగ్నేషియా గారి జీవితమును మీ యెదుట ఉంచగోరుచున్నాము. ఆమె మన శాఖకు చెందినది కాదు, రోమను కతోలిక కన్యక. అయినను ఆమె చేసిన పని మన ప్రతి సంఘమునకు అవసరమైనది.

ఆమె 1889 జనవరిలో ఐర్లండులోని మేయో జిల్లాలో జన్మించెను. 1896లో కుటుంబముతో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమునకు వచ్చెను. సంగీతము నేర్చి, పిల్లలకు నేర్పి, 1914లో సెయింట్ అగస్టీన్ ఛారిటీ సోదరీమణుల సభలో చేరెను. ఎడతెగని శ్రమవలన కడుపులో పుండ్లు, నరముల నీరసము కలిగి మంచము పట్టెను. సంగీతము విడువవలసి వచ్చెను. అందుచేత 1928లో ఆక్రన్ పట్టణములోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకొను చిన్న ఉద్యోగము ఆమెకు ఇయ్యబడెను.

ఆ కాలమున త్రాగుబోతును ఏ ఆసుపత్రియు సంతోషముగా చేర్చుకొనెడిది కాదు. వాడు గొడవ చేయును, డబ్బు చెల్లింపడు, అది రోగము కాదు, దుర్గుణము అని తలంచెడివారు. ఆ ఊరి శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్ గారు తానే త్రాగుడుకు బానిసయై, 1935లో విడుదల పొంది, బిల్ విల్సన్ గారితో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమును ఆరంభించినవారు. ఆయన కోరికపై 1939 ఆగస్టు 16న ఇగ్నేషియా ఒక త్రాగుబోతును కడుపు మంట రోగిగా వ్రాసికొని చేర్చుకొనెను. స్నేహితులు ఆ రోగితో ఏకాంతముగా మాటలాడుటకు చోటు లేనందున, పూలు సర్దుకొను చిన్న గదిలోనికి ఆ మంచమును త్రోయించెను.

ఇది ఏల గొప్ప సంగతి? చాలాకాలము మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకును, చెమటలు పోయును, నిద్ర పట్టదు. కొందరికి తొలి రెండు దినములలో మూర్ఛలు వచ్చును. మరికొందరికి రెండవ దినము మొదలు నాలుగవ దినములోగా మతి తప్పి లేనివి కనబడును. చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును. వైద్యుని మందులు, థయామిన్ అను బి1 విటమిను, ద్రవములు, ఆహారము, రాత్రింబగళ్లు కనిపెట్టుకొనియుండు నర్సు వారికి కావలెను.

ఆక్రన్ వార్డులో సుమారు అయిదు దినముల క్రమము ఏర్పడెను. మొదట శరీరమునకు వైద్యము, పిమ్మట త్రాగుడు మానిన స్నేహితుల సందర్శనము. బయటికి వెళ్లిన తరువాత తోడుండు వ్యక్తి ప్రతివానికి ఉండవలెను. వెళ్లునపుడు ఆమె ఒక చిన్న పవిత్ర చిహ్నమును ఇచ్చి, మరల త్రాగదలచినచో ముందుగా దానిని తెచ్చి తనకు అప్పగించుమని చెప్పెడిది. ఆమెలో జాలియు కలదు, గట్టితనమును కలదు.

1952లో ఆమె క్లీవ్‌లాండులోని సెయింట్ విన్సెంట్ ఛారిటీ ఆసుపత్రికి మారి, అచ్చట రోజరీ హాల్ అను వార్డును నెలకొల్పెను. 1950లో మరణించిన స్మిత్ గారి పేరులోని మొదటి అక్షరములు ఆ వార్డు పేరులో ఇమిడియున్నవి. వేలమందికి సేవచేసి 1966 ఏప్రిల్ 1న ఆమె కన్నుమూసెను.

మన సంఘములలో త్రాగువాని చేత ప్రమాణము చేయించి, ప్రార్థించి, ఇంటికి పంపుట వాడుక. ఆ రాత్రి వణకుచున్న భర్త ప్రక్కన భార్య ఒంటరిగా కూర్చుండును. వాడు తాళలేక తెల్లవారకముందే సీసా పట్టినయెడల అబద్ధికుడని మనమే అందుము. కాబట్టి పెద్దలకు మా మనవి ఇది: ప్రార్థన మానకుడి, గాని ముందు వైద్యుని యొద్దకు తీసికొనిపొండి. ఆ దినములలో ఇద్దరు సహోదరులు అతని మంచము ప్రక్కన ఉండుడి. ఇంటికి వచ్చిన తరువాత ప్రతివారము పలుకరించుడి. మన రాష్ట్రములలోను జరుగుచున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటములకు తోడుగా వెళ్లుడి. సంగీతము విడిచిన బలహీన స్త్రీ ఒక తలుపు తెరచెను. మన తలుపులును తెరువబడునుగాక.