వ్యాయామాచార్యుడు పేర్ హెన్రిక్ లింగ్

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, పుస్తకములు బుద్ధికి చేయు మేలునుగూర్చి పెద్దలు పలువురు ఈ సంచికలో వ్రాయుదురు. ఆ బుద్ధికి నిలయమైన శరీరమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుటకై నేనొక మహనీయుని జీవితచరిత్రను ఎన్నుకొంటిని. ఆయన కవి, పండితుడు, కత్తిసాము నేర్పిన గురువు. అన్నిటికంటె మిన్నగా, పసివాడు మొదలు ముదుసలివరకు, ఆరోగ్యవంతుడు మొదలు రోగివరకు, ఎవరికి తగిన వ్యాయామము వారికి కలదని బోధించిన ఆచార్యుడు. ఆయన పేరు పేర్ హెన్రిక్ లింగ్.

లింగ్ స్వీడను దేశస్థుడు. ఐరోపాఖండమున ఉత్తరపు కొసనున్న చలిదేశమది. ఆ దేశపు దక్షిణభాగమున స్మోలాండ్ అను సీమలోని ఒక పల్లెయందు 1776వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఆయన జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. పసితనముననే తండ్రి మరణించుటచే లింగ్ బాల్యము సుఖముగా గడువలేదు. పెరిగి పెద్దవాడై మతశాస్త్రము చదివెను గాని ఆ వృత్తిలో ప్రవేశింపలేదు. జ్ఞానతృష్ణయు సంచారాభిలాషయు ఆయనను ఒకచోట నిలువనీయలేదు. తుదకు పొరుగుదేశమగు డెన్మార్కునకు పోయి, రాజధానియైన కోపెన్‌హేగెన్ నగరమున కొన్ని ఏండ్లు నివసించెను.

ఆ నగరవాసమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. ఫ్రాంజ్ నాఖ్టెగాల్ అను నతడు 1799లో అచ్చట ఒక వ్యాయామశాలను నెలకొల్పి యుండెను. లింగ్ ఆ శాలలో చేరి సాధన చేసెను. ఫ్రెంచి గురువులవద్ద కత్తిసామును అభ్యసించెను. అప్పటికే ఆయన చేతిని కీళ్ళనొప్పి బాధించుచుండెననియు, కత్తిసాము సాగినకొలది ఆ బాధ తగ్గుటను గమనించి ఆశ్చర్యపడెననియు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. నొప్పి తగ్గినందుకు సంతోషించి ఊరకుండుట లోకసహజము. లింగ్ అట్లు ఊరకుండలేదు. కదలిక నొప్పిని ఎట్లు తగ్గించినది? ఏ కదలిక ఏ అవయవమునకు మేలు చేయును? ఎంత చేసిన మేలు, ఎంత మించిన కీడు? ఈ ప్రశ్నలు ఆయనను జీవితాంతము వెన్నాడినవి.

1805లో ఆయన స్వదేశమున లుండ్ నగర విశ్వవిద్యాలయమునందు కత్తిసాము గురువుగా నియమింపబడెను. విద్యార్థులకు సాము నేర్పుచు, మిగిలిన వేళలందు తాను విద్యార్థియై శరీర నిర్మాణశాస్త్రమును, అవయవముల పనితీరును అధ్యయనము చేసెను. ఎముక ఎక్కడ కూడుకొన్నది, కండరము ఎటు లాగును, శ్వాస యెట్లు సాగును అనునవి తెలియని గురువు వ్యాయామమును నేర్పరాదని ఆయన నిశ్చయము.

ఇంతలో దేశమునకు కష్టకాలము వచ్చినది. 1809లో రష్యాతో జరిగిన యుద్ధమున స్వీడను ఓడి, శతాబ్దములుగా తన యేలుబడిలోనున్న ఫిన్లాండును కోల్పోయెను. రాజ్యములో ఇంచుమించు మూడవ వంతు భూమి చేజారిపోయెను. ప్రజలు క్రుంగిరి. లింగ్ హృదయము మండెను. పూర్వుల ధైర్యమును కావ్యములలో కీర్తించినంతమాత్రమున చాలదనియు, జనుల దేహములను, మనస్సులను పునర్నిర్మింపవలెననియు ఆయనకు తోచెను. వ్యాయామ గురువులను తయారుచేయు విద్యాలయము నొకదానిని రాజధానిలో స్థాపింపుడని ప్రభుత్వమును కోరెను. తొలుత ఒక మంత్రి ఈ కోరికను విని, దేశములో గారడీవాండ్రకు, దొమ్మరులకు కొదువలేదని ఎగతాళి చేసి పంపివేసెనని ప్రతీతి. లింగ్ వెనుదీయలేదు. 1813లో రాజానుమతి లభించి, స్టాక్‌హోమ్ నగరమున వ్యాయామ కేంద్ర విద్యాలయము వెలసినది. రెండు శతాబ్దములు దాటిన తరువాత నేటికిని ఆ విద్యాలయము పేరు మార్చుకొని పనిచేయుచునే యున్నది.

లింగ్ తన విద్యను నాలుగు శాఖలుగా విభజించెను. మొదటిది విద్యావ్యాయామము. ఇది బాలబాలికల శరీరమును సమముగా పెంచుటకు. రెండవది సైనికవ్యాయామము. మూడవది వైద్యవ్యాయామము. ఇది రోగుల కొరకు. నాలుగవది మనోభావములు దేహమున సొంపుగా వ్యక్తమగుటకైన కళావ్యాయామము. ఈ విభజనలోనే ఆయన గొప్పతనము కానవచ్చును. అంతకు పూర్వము వ్యాయామ మనగా బలవంతుల విద్య, యోధుల విద్య. బలహీనునకు అందులో చోటు లేదు. లింగ్ బలహీనునే ముందుగా పిలిచెను. శరీరమే వ్యాయామమునకు తగినట్లు వంగవలెనను పాతపద్ధతిని త్రోసిపుచ్చి, శరీరమునకు తగినట్లు వ్యాయామమును మలచెను. సులభమైన కదలికతో మొదలిడి, మెట్టు వెంట మెట్టుగా కష్టమైన దానికి పోవుట ఆయన మార్గము. కుడిచేతికి పని కల్పించిన ఎడమచేతికిని కల్పింపవలెను. ముందుకు వంగిన పిదప వెనుకకును వంగవలెను. గోడకు బిగించిన అడ్డకమ్ములు, ఒక దూలము, ఇట్టి కొలది సాధనములు ఉన్న చాలును. ఏమియు లేకున్నను నిలుచుటకు చోటున్న చాలును.

వైద్యవ్యాయామమే ఆయనకు ఎక్కువ కీర్తిని, ఎక్కువ కలతను తెచ్చినది. రోగి తానుగా చేయు కదలిక ఒకటి. సహాయకుడు రోగి అవయవమును పట్టి కదల్చుట రెండవది. రోగి కదల్చుచుండగా సహాయకుడు మెల్లగా అడ్డగించుట మూడవది. మందు లేక రోగమును కుదుర్చ జూచు ఈ కత్తిసాము గురువును వైద్యులు పలువురు అనుమానించిరి, ఆక్షేపించిరి. పూర్తి వైద్యవిద్య చదువని వానికి రోగులతో ఏమి పని యని వారి వాదము. అది తేలికగా కొట్టివేయదగిన వాదము కాదు. లింగ్ జగడమునకు దిగక తన పనిని చేసికొనుచు పోయెను. తుదకు 1831లో స్వీడను వైద్యుల సంఘమే ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను.

కవిగా ఆయన పూర్వకాలపు దేవతల, వీరుల కథలను దీర్ఘకావ్యములుగా రచించెను. 1835లో స్వీడిష్ అకాడమీలో సభ్యత్వమును పొందెను. ఆయన కావ్యములను నేడు చదువువారు మిక్కిలి అరుదు. వ్యాయామ సిద్ధాంతములను వివరించు గ్రంథమును మాత్రము ఆయన స్వయముగా ముగింపలేకపోయెను. 1839వ సంవత్సరము మే 3వ తేదీన స్టాక్‌హోమ్‌లో కన్నుమూసెను. మరుసటి యేట శిష్యులు ఆ గ్రంథమును పూర్తిచేసి ప్రకటించిరి.

శిష్యుడగు బ్రాంటింగ్ విద్యాలయ భారమును వహించి వైద్యవ్యాయామమును పెంపొందించెను. కుమారుడగు యాల్మార్ లింగ్ పిల్లల వయస్సుల ననుసరించి, దినదినమునకు చేయవలసిన వ్యాయామములను పట్టికలుగా కూర్చెను. 1864నుండి ఆ విద్యాలయమున స్త్రీలకును శిక్షణ దొరకెను. అచ్చట చదివిన మార్టినా బెర్గ్‌మన్ 1881లో లండన్ నగరపు పాఠశాలలలో వ్యాయామబోధనను పర్యవేక్షించు ఉద్యోగమున చేరి, 1885లో స్త్రీలకై ప్రత్యేకముగా ఒక వ్యాయామ కళాశాలను స్థాపించెను. బాలికలు పరుగెత్తరాదు, దుముకరాదు అనుకొను ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు. 1939లో లింగ్ శతవర్ధంతి సందర్భమున అనేక దేశములనుండి వేలకొలది వ్యాయామవిదులు స్టాక్‌హోమ్‌నకు వచ్చి ఉత్సవము జరిపిరి.

గుణములతోపాటు దోషములను చెప్పుట చరిత్రకారుని ధర్మము. లింగ్ తరువాతివారిలో కొందరు ఆయన పద్ధతిని గడ్డకట్టించిరి. ఆజ్ఞ వినబడగనే కొయ్యబొమ్మలవలె చేతులెత్తి నిలుచుటయే వ్యాయామమయ్యెను. ఆటలోని ఆనందము మాయమై పిల్లలకు విసుగు పుట్టినది. వైద్యవ్యాయామము కుదుర్చునని చెప్పిన రోగములలో కొన్నింటిని అది కుదుర్చలేదనియు తరువాత తేలినది. దారి చూపినవాడు దారి చివరవరకు నడచియుండవలెనని నియమము లేదుగదా.

మన పాఠశాలలలో పెద్దలు చేసిన డ్రిల్లు ఆంగ్లపాలనతో వచ్చినది. ఆంగ్లదేశపు పాఠశాలలు దానిని చాలవరకు స్వీడను పద్ధతినుండి గ్రహించినవి. మదరాసున 1920లో హెచ్. సి. బక్ అను నాయన వై.ఎం.సి.ఏ. పక్షమున వ్యాయామ విద్యాలయమును స్థాపించి దక్షిణదేశపు బడులకు ఉపాధ్యాయులను తయారుచేసెను. మన తెలుగునాట తాలింఖానాలు అంతకు పూర్వమే కలవు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి బలమును తలచి నేటికిని మనము గర్వింతుము. కాని వేలమందిలో ఒక్కడు రామమూర్తి యగును. మిగిలినవారి సంగతి యేమి? లింగ్ అడిగిన ప్రశ్న అదియే.

ఆయన ఊహించినదానిని తరువాతి శాస్త్రము పరీక్షించినది. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో దినమెల్ల కూర్చుండు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్టులిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని జెర్రీ మోరిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారము 5 మొదలు 17 ఏండ్లలోపు పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైన ఆటపాటలలో చెమటోడ్చవలెను. పెద్దలు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ చురుకుగా నడచుట వంటి పని చేయవలెను. 65 ఏండ్లు దాటినవారు దానికితోడు వారమున మూడుదినములు, పడిపోకుండ నిలదొక్కుకొను బలమునిచ్చు అభ్యాసములు చేయవలెను.

పల్లెవారికి ఇవి యెందుకని అడుగవచ్చును. ఒకనాడు నాగలి, రోకలి, నూతిచేద మనకు వ్యాయామశాలలు. నేడు నాగలి స్థానమున ట్రాక్టరు, రోటి స్థానమున మిక్సీ, చేద స్థానమున కుళాయి వచ్చినవి. శ్రమ తగ్గుట మేలే. దానితోపాటు కదలికయు తగ్గినది. చెడుగుడు, బిళ్ళంగోడు ఆడవలసిన పిల్లలు ఫోనుముందు కూర్చున్నారు. తాతగారు అరుగు దిగుటకు జంకుచున్నారు. ఇంకను పొలమున ఒంగి నాట్లు వేయు తల్లికి శ్రమ కలదు గాని, వంగిన నడుమును వెనుకకు చాచు అలవాటు లేదు. వీరిలో ప్రతియొక్కరికిని తగిన కదలిక వేరు. ఆ తారతమ్యమును గుర్తించుటయే లింగ్ మనకు నేర్పిన పాఠము.

కావున రజతోత్సవ శుభవేళ నాదొక విన్నపము. సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చువారు బండిని ఇంట విడిచి నడచి రండు. పిల్లలను వెంట తెండు. తాతగారికి చేయూతనిండు. పుస్తకము చేత పట్టుకొని తిరిగి ఇల్లు చేరునప్పటికి బుద్ధికిని దేహమునకును ఒకేమారు మేలు జరిగియుండును.